ఏడు చేపల కథను మూతబడిన రైసు మిల్లులో ఆడించడం ఎలా

ప్రేక్షకుడు కుర్చీలో కూర్చోకుండా, నటులున్న చోటికి తానే నడిచి వెళ్లి, కథ మధ్యలో నిలబడి చూసే నాటకాన్ని ప్రొమెనాడ్ థియేటర్ అంటారు. ఇక్కడ దాన్ని నడక నాటకం అంటాను. ఈ పద్ధతికి ఇటీవల పేరు తెచ్చింది 2000లో ఫెలిక్స్ బారెట్ బ్రిటన్‌లో స్థాపించిన పంచ్‌డ్రంక్ సంస్థ. షేక్స్‌పియర్ నాటకం మక్బెత్ కథ ఆధారంగా వారు న్యూయార్క్‌లోని పాత గోదాముల్లో 2011లో మొదలుపెట్టిన ప్రదర్శన 2025 జనవరి దాకా నడిచింది. అందులో ప్రేక్షకులు ముసుగులు వేసుకొని గదిగదికీ ఇష్టమొచ్చినట్టు తిరిగేవారు. అయితే నడుస్తూ చూడడం మన దేశానికి కొత్తేమీ కాదు. కాశీ దగ్గరి రామ్‌నగర్ రామలీలలో అయోధ్య ఒకచోట, లంక మరొకచోట ఉంటాయి. దాదాపు నెల రోజులపాటు జనం రాముడి వెంట ఊరంతా నడుస్తారు. కృష్ణుడి కథను ఆడే ఒడిశాలోని బర్‌గఢ్ ధనుయాత్రలోనైతే పట్టణమే మథుర అవుతుంది, పక్కనున్న అంబాపలి గోపపురం అవుతుంది.

పిల్లల కోసం ఇలాంటి నాటకం చేయాలనుకునేవారికి ఏడు చేపల కథను మించిన కథ తెలుగులో లేదని నా అభిప్రాయం. గోదావరి ప్రాంతంలో మూతబడిన ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో మేము ఈ కథను ఆడించాము. అప్పుడు చేసిన పనులను, చేసిన తప్పులను వరసగా చెబుతాను.

కథలో నడక ఉందో లేదో చూసుకోండి

నడక నాటకంలో తొంభై పాళ్లు చెడేది ఒక్కచోటే: ప్రేక్షకుడు ఈ గది విడిచి ఆ గదికి ఎందుకు వెళ్లాలో కథ చెప్పదు, అందువల్ల చేతికర్ర పట్టుకున్న వాలంటీరు "పదండి, పదండి" అని తోలవలసి వస్తుంది. ఏడు చేపల కథలో ఆ బాధ లేదు. ఎండని చేపను ఎందుకు ఎండలేదని అడిగితే గడ్డిమోపు అడ్డమొచ్చిందంటుంది. గడ్డిమోపును అడిగితే ఆవు మేయలేదంటుంది. ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చిన పిల్లవాడి మీద, పిల్లవాడు కుట్టిన చీమ మీద చెబుతారు. ప్రతి జవాబూ ఒక దారి చూపిస్తుంది. అడగవలసినవారు ఏడుగురు కాబట్టి ఏడు చోట్లు కావాలి. రాజుగారి కొడుకులు కూడా ఏడుగురే కాబట్టి ఏడు బృందాలను నడిపించేవారు కూడా కథలోనే దొరుకుతారు. నేను లెక్క కోసం కథను వంచలేదు, లెక్కే కథలో ఉంది.

కథకు పాఠాంతరాలు చాలా ఉన్నాయి. కొన్నిచోట్ల పాలేరు బదులు గొల్లవాడు ఉంటాడు, గడ్డిమోపు బదులు గడ్డివాము ఉంటుంది. మీ ఊళ్లో పిల్లలు విన్న మాటనే తీసుకోండి. నాటకం కోసం కొత్త మాట పుట్టిస్తే పిల్లలు అక్కడికక్కడే సరిదిద్దుతారు.

భవనాన్ని ముందు పగలు, తర్వాత రాత్రి చూడండి

ఉప్పుడు బియ్యం మిల్లులో ధాన్యం నానబెట్టే తొట్లు, ఆవిరి పట్టించే బాయిలర్, ఉడికిన ధాన్యం ఎండబోసే సిమెంటు కళ్లం, మర ఆడించే హాలు, గోదాములు, కాటా, గుమస్తా గది, హమాలీలు సేదతీరే వసారా ఉంటాయి. ఎండబోయడం కోసమే కట్టిన కళ్లం ఉన్న మిల్లులో "చేప ఎందుకు ఎండలేదు" అని అడగడంలో ఉన్న అందం మరెక్కడా రాదు. అందుకే సగం కూలిన సినిమాహాలు ఉచితంగా ఇస్తామన్నా మేము వద్దన్నాము.

స్థలాన్ని చూడడానికి కనీసం మూడుసార్లు వెళ్లాలి. మొదటిసారి పగటి వెలుగులో గుంటలు చూడాలి. ధాన్యాన్ని పైకి చేరవేసే ఎలివేటర్ అడుగున ఉండే గుంటలు, నానబెట్టే తొట్లు, కాటా కింది గొయ్యి పిల్లలకు ప్రాణాంతకం కాబట్టి వాటిని మందపాటి చెక్కలతో కప్పి, కప్పినచోట మనిషిని కూడా నిలబెట్టాలి. రెండోసారి సివిల్ ఇంజనీరుతో వెళ్లి పైకప్పు వాసాలు, గోడల పగుళ్లు, మేడ మీది చెక్కల అటక చూపించాలి. ప్రేక్షకులను ఎట్టి పరిస్థితుల్లోనూ అటక ఎక్కించకూడదు. ముగ్గురు నటీమణులు మాత్రం పైన కూర్చోవచ్చునా అన్న ప్రశ్నకు ఆయన చేత కాగితం మీద జవాబు తీసుకోవాలి. పైకప్పు ఆస్‌బెస్టాస్ రేకులదైతే దానికి మేకు కొట్టకూడదు, రంధ్రం వేయకూడదు, దీపాలు వేలాడదీయకూడదు. దీపాల కోసం నేల మీద నిలబడే గొట్టాల చట్రాలు వాడాలి. మూడోసారి చీకటి పడ్డాక వెళ్లి ఒక గదిలో డప్పు కొట్టించి, మిగతా గదుల్లో నిలబడి వినాలి. రేకుల కప్పు కింద శబ్దం ఎంత దూరం పోతుందో పగటిపూట తెలియదు.

పావురాల రెట్ట పేరుకుపోయిన చోట పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హానికరం. ముందు నీళ్లు చల్లి, మాస్కులు కట్టుకొని, తర్వాత తీయించాలి. ఊక దుమ్ము విషయం మరీ జాగ్రత్త. అది గాలిలో లేచి ఉన్నప్పుడు నిప్పు తగిలితే భగ్గుమంటుంది కాబట్టి వాసాల మీద, ఫ్యాను రెక్కల మీద ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్మును కూడా తీయించాలి. నాటకంలో ఎక్కడా అగ్గిపుల్ల గీయకూడదు, హారతి కూడా ఇవ్వకూడదు. మొదటి రోజు కొబ్బరికాయ కొట్టడం మాత్రం గేటు బయట కానిచ్చాము.

కాగితాలు

యజమానితో రాసుకునే ఒప్పందంలో తేదీలు, కరెంటు ఖర్చు, ఏ యంత్రాన్నీ కదపబోమన్న మాట, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదన్న సంగతి స్పష్టంగా ఉండాలి. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం 2018లో రద్దయింది కాబట్టి ఇక పోలీసుల దగ్గరికి వెళ్లనక్కర్లేదని చెప్పేవారు తగులుతారు. వారి మాట వినకండి. జనం గుమిగూడే చోటుకు పోలీసు అనుమతి, అగ్నిమాపక శాఖ పరిశీలన, పంచాయతీ లేదా మున్సిపాలిటీ సమ్మతి అడిగి తీసుకోవడమే మేలు. అగ్నిమాపక సిబ్బంది వచ్చి చూస్తే మనకు తోచని రెండు విషయాలు చెప్పి వెళ్తారు. పాత త్రీఫేజు వైరింగును నమ్మకుండా పూర్తిగా విడదీయించి, జనరేటరు నుంచి కొత్త లైను లాగించి, కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే లైను ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్లు పెట్టించాలి.

చోట్లు పంచడం

కథ వెడల్పు నుంచి ఇరుకుకు పోతుంది. రాజకుమారుల వేటతో మొదలై చీమ పుట్ట దగ్గర ఆగుతుంది. భవనంలో దారి కూడా అలాగే చిన్నదవుతూ పోవాలి. మేము ఆకాశం కనిపించే కళ్లంలో చేపను, ధాన్యం గోదాములో గడ్డిమోపును, కాటా పక్కన లారీ షెడ్డులో ఆవును, హమాలీల వసారాలో పాలేరును ఉంచాము. బాయిలర్ కొలిమి నోరే అవ్వకు పొయ్యి అయింది. లోపల ఎర్రటి ఎల్‌ఈడీ దీపాలు పెట్టి, వాటి ముందు చిన్న ఫ్యానుతో పల్చటి గుడ్డపేలికలు ఆడిస్తే దూరానికి మంటలాగే ఉంది. గుమస్తా గదిలో ఉయ్యాల కట్టి పిల్లవాడిని, మరల హాలులో తెరలు కట్టి వేరుచేసిన ఒక మూలలో చీమను పెట్టాము.

దారి వెనక్కి తిరగకూడదు, తనను తాను దాటకూడదు. ఒక బృందం మరో బృందానికి ఎదురుపడిన క్షణంలో కథ పోయి, పెళ్లిలో భోజనాల బంతికి ఎదురుచూస్తున్నట్టవుతుంది. ప్రతి చోటుకూ రెండు వాకిళ్లు తప్పనిసరి, వాటిలో ఒకటి నేరుగా ఆరుబయటికి పోవాలి. రెండో వాకిలి లేదనే, ఎంతో ఇష్టపడిన ఒక గాదె గదిని వదులుకున్నాము. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లల కోసం ప్రతి గడప దగ్గరా ఏటవాలు పలక వేయాలి. ఏడు చోట్లలో ఒక్కదానికి వారు రాలేకపోయినా కథ తెగుతుంది.

గడియారం లెక్క

ఇది మొదట కాగితం మీద తేలాలి. ఒక్కో చోట ఆట ఆరు నిమిషాలు, చోటు నుంచి చోటుకు నడక రెండు నిమిషాలు అనుకుంటే, ఏడు ఆటలకు 42, ఆరు నడకలకు 12, మొత్తం 54 నిమిషాలు. ఐదేళ్ల పిల్లలు నిలబడి చూడగలిగేది అంతే. బృందానికి ఇరవై మంది చొప్పున ప్రతి పది నిమిషాలకు ఒక బృందాన్ని వదిలితే, ప్రతి నటుడికీ ఆటకు ఆటకు మధ్య నాలుగు నిమిషాలు దొరుకుతాయి. సాయంత్రం ఆరింటికి మొదటి బృందం బయల్దేరితే ఏడో బృందం ఏడింటికి బయల్దేరి 7.54కు బయటపడుతుంది. మొత్తం 140 మంది చూస్తారు. ఒకే సమయంలో లోపల ఉండేది ఎక్కువలో ఎక్కువ ఆరు బృందాలు, అంటే 120 మంది. అగ్నిమాపక శాఖకు చెప్పవలసిన అంకె ఈ రెండోది.

ఆ నాలుగు నిమిషాలను నటుల విశ్రాంతి అనుకోకండి. అవ్వ చేతిలోని చేట మళ్లీ నింపడం, ఉయ్యాల ఆపడం, ఎవరో పారేసిన చెప్పు తీయడం అందులోనే జరగాలి. ఏదో ఒక బృందం తప్పక ఆలస్యమవుతుంది. దాన్ని ఎక్కడ సర్దుకోవాలో ముందే నిర్ణయించుకోవాలి. మాకు ఆవు పనికొచ్చింది. ఆవు నెమరువేస్తూ రెండు నిమిషాలు ఎక్కువ నిలబడినా బాగుంటుంది, ఒక్కసారి తల విదిలించి ముగించినా బాగుంటుంది.

సూర్యుడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సంక్రాంతి తర్వాతి వారాల్లో ఆరు గంటల ప్రాంతంలో పొద్దు గుంకుతుంది. మొదటి బృందానికి కళ్లంలో ఇంకా వెలుగుంటుంది, ఏడో బృందానికి చిమ్మచీకటి. ఒకే దీపాల అమరికతో రెండూ కుదరవు. మా మొదటి రాత్రి మూడో బృందం వచ్చేసరికి చేపలు కనిపించలేదు, దండెం మాత్రం కనిపించింది. తర్వాత కళ్లం దీపాలకు మాత్రం ఒక మనిషిని కూర్చోబెట్టి, బృందం బృందానికీ వెలుగు పెంచుకుంటూ పోయాము.

రాజకుమారులు

ప్రతి బృందాన్నీ ఒక రాజకుమారుడు నడిపిస్తాడు. అతని చేతిలో ఒక చేప ఉంటుంది, ఎండనిది ఆ చేపే. బృందంలోని పిల్లలు తమ అన్నయ్య చేపే ఎండలేదనుకుంటారు, మిగతా ఆరుగురివీ ఎండాయనుకుంటారు. ఏడు బృందాల వారూ బయటికొచ్చి ఒకరితో ఒకరు వాదించుకుంటుంటే వినడానికి ఎంతో బాగుంటుంది.

రాజకుమారుడికి నటన కంటే తల లెక్కించడం ముఖ్యం. ప్రతి గడప దగ్గరా ఇరవై మందిని లెక్కపెట్టాలి, అది కూడా కథలో భాగంగా, "నా సైన్యం అంతా ఉందా" అన్నట్టు. బృందం చివర ఒక వాలంటీరు నడవాలి. చీకటికి జడిసిన పిల్లను తల్లితోపాటు పక్క వాకిలి గుండా బయటికి తీసుకెళ్లడం ఆమె పని. ఏదైనా ప్రమాదమైతే అందరూ అనవలసిన మాట ఒకటి ముందే అనుకోండి. మేము "కాటా ఆపండి" అని పెట్టుకున్నాము. ఆ మాట వినగానే దీపాలన్నీ వెలగాలి, శబ్దాలన్నీ ఆగాలి.

ఆరు నిమిషాలు దేనితో నింపాలి

ఇక్కడే ఎక్కువ రోజులు పట్టింది. కథలో ఒక్కో చోట ఉన్నది ఒక ప్రశ్న, ఒక జవాబు. చదివితే పది సెకన్లు. మిగతా సమయాన్ని పాటలతో, హాస్యంతో నింపాలని మొదట రాసిన ప్రతిని రెండు రిహార్సల్స్ తర్వాత పక్కన పెట్టేశాము. పిల్లలు చూడడానికి రాలేదు, చేయడానికి వచ్చారు. అందుచేత ప్రతి చోటా వారికొక పని, వెళ్లేటప్పుడు చేతికొక వస్తువు ఇచ్చాము.

కళ్లంలో పిల్లలు దండెం మీది చేపలను తిరగేస్తారు. గోదాములో ఒక్కొక్కరూ గడ్డిమోపు నుంచి ఒక పరక పీక్కుంటారు. ఆ పరకను ఆవుకు పెడితే ఆవు ముఖం తిప్పుకుంటుంది. వెదురు చట్రంలో ఇద్దరు మనుషులున్న ఆ ఆవు తల అలా తిరిగినప్పుడు, ఇరవై చేతులు ఇరవై పరకలతో గాల్లో ఆగిపోయేవి. ఆవు మెడలోని గంట విప్పి పాలేరుకు చూపించాలి. పాలేరు గంట తీసుకొని తన ఖాళీ సత్తుగిన్నె ఇస్తాడు. ఆ గిన్నె అవ్వ ముందు పెడితే ఆమె అన్నం పెట్టదు, జోలపాటలో ఒక చరణం నేర్పి పంపుతుంది. ఆ చరణం పాడుతూ ఉయ్యాల ఊపితే, ఏడుస్తున్న పిల్లవాడు వేలు చూపిస్తాడు. ఉయ్యాల వెనక తెల్లగుడ్డ మీద తోలుబొమ్మ నీడలో ఆ వేలు పెద్దదిగా పడుతుంది. ఆంధ్ర తోలుబొమ్మలకు పేరుపడ్డ నిమ్మలకుంట పద్ధతిలో మేకతోలుతో చేయించిన బొమ్మ అది, అట్టబొమ్మతో ఆ రంగుల మెరుపు రాదు. పిల్లవాడి దగ్గర ఇవ్వడానికి వస్తువేమీ లేదు. కాబట్టి పిల్లలు చీమ దగ్గరికి తీసుకుపోయేది తమ వేలు మాత్రమే.

జవాబు చెప్పే తీరులో కూడా తేడా ఉండాలి. మొదటి ఆరుగురూ తప్పును పక్కవారి మీదికి తోస్తారు, చీమ ఒక్కతే అవును, కుట్టాను అంటుంది. ఈ తేడాను మాటల్లో వివరించకండి. మిగతావారు మాట్లాడుతూ పక్కకు చూడాలి, చీమ గొంతు మాత్రం నేరుగా రావాలి, అంతే. అవ్వ పాత్రధారి మాత్రం ఈ సూత్రం మీద నాతో చాలాసేపు వాదించింది. "ఏడ్చే పిల్లను పెట్టుకొని అన్నం ఎలా వండుతానండీ, అది తప్పు తోయడమా?" అంది. ఆమె మాటే నిజం. ఆ రోజు నుంచి అవ్వ పక్కకు చూడడం మానేసింది.

కథ అందరికీ తెలుసు

మొదటి ప్రదర్శనలో గడ్డిమోపు నోరు తెరవకముందే ఒక అబ్బాయి, "చీమ కుట్టిందిరా, నాకు తెలుసు!" అని అరిచాడు. గడ్డిమోపు వేషంలో ఉన్న కుర్రవాడు బిగుసుకుపోయాడు. ఇది ప్రతి రాత్రీ జరుగుతుందని లెక్కవేసుకొని నటులందరికీ జవాబు నేర్పాము: "తెలుసా? అయితే చీమ ఇంటికి దారి కూడా నీకే తెలుసన్నమాట. ముందు నడువు." తెలిసిన కథను దాచడానికి ప్రయత్నించకూడదు. ప్రశ్నను బృందమంతా ఒకే లయలో అడిగేలా రాజకుమారుడు చేత్తో తాళం వేయాలి: "ఆవా ఆవా, ఎందుకు మేయలేదు?" మూడో చోటుకు వచ్చేసరికి పిల్లలు అతని కోసం ఎదురుచూడరు.

చీమ

చీమను ఎలా చూపించాలన్నది నన్ను నెలరోజులు వేధించింది. మనిషికి ఆరు కాళ్లు కట్టి నిలబెడితే అది ఐదడుగుల చీమ అవుతుంది, కథ అక్కడే చస్తుంది. పరిష్కారం మిల్లే చూపించింది. పై అంతస్తు నుంచి బియ్యం కిందికి జారే రేకు గొట్టాలు మూడు మరల హాలులో దిగుతున్నాయి. పైన అటక మీద ఒక నటి గొట్టంలోకి గుసగుసగా మాట్లాడితే కింద చెవి పెట్టినవారికి మాత్రమే వినిపిస్తుంది. ఒక్క గొట్టమైతే ఇరవై మందికి ఆరు నిమిషాల్లో మనిషికి పద్దెనిమిది సెకన్లే వస్తాయి, తోపులాట కూడా అవుతుంది. మూడు గొట్టాలకు ముగ్గురు నటీమణులను పెడితే ఒక్కో పిల్లకు దాదాపు యాభై సెకన్లు దొరుకుతాయి. గొట్టం మొనలు పదునుగా ఉంటే రబ్బరు చుట్టించాలి.

గొట్టాల చుట్టూ బంగారు పుట్ట కట్టాలి. పసుపు దీపం కింద వడ్ల ఊకను మించిన బంగారం లేదు కానీ, ఊకను గుట్టగా పోయడం నిప్పుకు, దుమ్ముకు మూలం. కాబట్టి తడికెల చట్రం మీద ఊకను జిగురుతో అంటించాలి. ఖర్చు తగ్గుతుందని మేము గంజి వాడాము. మూడో రోజు పొద్దున్న వచ్చి చూస్తే పుట్ట నిండా నిజం చీమలే. అదంతా విప్పి, వడ్రంగులు వాడే తెల్ల జిగురుతో మళ్లీ కట్టేసరికి సాయంత్రం నాలుగయింది. పిల్లలు వేలు పెట్టేందుకు పుట్టలో ఉంచిన కన్నాన్ని ప్రతి రోజూ తెరిచేముందు టార్చి వేసి చూడడం ఆనాటి నుంచి నా పని.

రిహార్సల్స్

మొదటి వారం నటులు లేకుండా, ఇరవై మంది పిల్లలతో దారి మాత్రం నడిపించి చూడండి. ఎక్కడ పరిగెత్తుతారో, ఎక్కడ ఆగిపోతారో, ఏ యంత్రం మీద చేయి వేస్తారో తెలుస్తుంది. పెద్దలతో నడిపిస్తే ఇవేవీ తెలియవు. మేము కప్పులు తొడగనవసరం లేదనుకున్న పుల్లీలన్నిటినీ వాళ్లు మొదటి ఐదు నిమిషాల్లో తిప్పి చూశారు. రెండో వారం ఏడు చోట్లా విడివిడిగా, మూడో వారం ఏడు బృందాలూ ఒకదాని వెనక ఒకటి గడియారంతో నడవాలి. బృందాల కదలికకు గంట మోగించకండి, ఆవు గంటతో కలిసిపోతుంది. ప్రతి చోటా కనిపించీ కనిపించని మూలలో ఒక చిన్న ఆకుపచ్చ దీపం పెట్టి, అది వెలిగినప్పుడే రాజకుమారుడు ముందుకు కదలాలని నేర్పితే చాలు.

ఆట ముగిశాక

ఏడో బృందం లారీ గేటు గుండా బయటికి పోగానే కరెంటు ఆపకూడదు. గుంటల మీది చెక్కలు, తాళాలు, మరచిపోయిన నీళ్లసీసాలు చూసి, 140 గడ్డిపరకలు ఏరించి, మర్నాటికి కొత్త మోపు కట్టించాలి. ఇంకొకటి ఉంది. అటక మీద ఉన్న ముగ్గురికీ కింద ఏం జరుగుతోందో కనిపించదు, గొట్టంలో వచ్చే ఊపిరి చప్పుడే వారికి ప్రేక్షకుడు. ఒక రాత్రి అందరం గేటు దగ్గర టీ తాగుతుంటే ఒక చీమ ఇంకా పైన కూర్చొని ఎవరి చెవి కోసమో ఎదురుచూస్తూనే ఉంది. కాబట్టి చివరి పిల్ల వెళ్లిపోయాక ఒకరు తప్పనిసరిగా మూడు గొట్టాల మీదా మూడేసిసార్లు తట్టి, పైనుంచి జవాబుగా తట్టిన చప్పుడు విన్న తర్వాతే హాలు దీపం ఆర్పాలి.